కంపెనీ కూడా మనిషే!

లా కాలేజీలో పెళ్ళిళ్ళూ విడాకుల చట్టం చెబుతుంటే పిల్లలు చెవులు రిక్కించి వింటారట. హత్యానేరాల పాఠమైతే సరేసరి, బెల్లు కొట్టినా లేవరు. బిజినెస్ లా క్లాసు అనేసరికి మాత్రం వెనక బెంచీల్లో ఆవులింతలు మొదలవుతాయి. ఏజెన్సీ, భాగస్వామ్యం, కంపెనీ – ఈ మూడు అధ్యాయాలూ గట్టెక్కితే చాలు దేవుడా అనుకుంటారు. ఇక మనలాంటి వాళ్ళ సంగతి చెప్పాలా? ‘అదంతా మగవాళ్ళ గొడవ, మనకెందుకమ్మా’ అని ఆ పుస్తకాన్ని అలమార పైఅరలోకి నెట్టేస్తాం.

కానీ ఆ పుస్తకాన్ని దింపి, దుమ్ము దులిపి చూస్తే అందులో ఆడవాళ్ళు చాలామందే కనిపిస్తారు. కొందరు దావాల మధ్య నిలబడి ఉంటారు. కొందరు కాగితాల అడుగున సంతకమై ఉంటారు. మరికొందరు ఆ పాఠం చదువుకుంటామని వెళ్ళి, మూసిన తలుపు బయట నిలబడిపోయి ఉంటారు. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

మొదటి అధ్యాయం ఏజెన్సీ. మన దేశంలో దీని పుట్టిల్లు 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఇంకొకరి తరఫున పని చేసిపెట్టేవాడు ఏజెంటు, పని చేయించుకునేవాడు యజమాని. ఏజెంటు తన హద్దులో ఉండి చేసిన బేరం యజమాని స్వయంగా చేసినట్టే లెక్క. చట్టం రాసిన దొరలు ఇది అర్థం కావడానికి చిన్నచిన్న కథలు కూడా చెప్పారు. ఒకాయనకి శ్రీరాంపూర్‌లో కొట్టుంది, తనేమో కలకత్తాలో కాపురం. కొట్టు చూసే మనిషి యజమాని పేరు చెప్పి ఇంకో వర్తకుడి దగ్గర సరుకు తెప్పిస్తుంటాడు, యజమానికి తెలిసే ఆయన డబ్బుతోనే బాకీ తీరుస్తుంటాడు. కాగితం మీద అధికారం ఇవ్వకపోయినా ఇచ్చినట్టే అంది చట్టం. అంటే, నోరు మూసుకుని చూస్తూ ఊరుకోవడం కూడా ఒక్కోసారి ఒప్పుకోవడమే! ఈ సంగతి కాపురాలు చేసేవాళ్ళకి చట్టం చెప్పక ముందే తెలుసనుకోండి.

ఏజెంటు మనకి కొత్తవాడేం కాదు. 1611లో ఇంగ్లీషు కుంపిణీవాళ్ళు మచిలీపట్నంలో దిగినప్పుడు వాళ్ళకి మన భాష రాదు, మన నేతగాళ్ళకి వాళ్ళ భాష రాదు. మధ్యలో దుబాసీ కావలసి వచ్చాడు. రెండు భాషలు తెలిసినవాడు గనక దుబాసీ. మాట చెప్పడంతో మొదలుపెట్టి, బేరాలు కుదర్చడం, బయానాలు పంచడం దాకా ఎదిగాడు. అంతదాకా ఎందుకు, మన మన్యం ప్రాంతాన్ని ‘ఏజెన్సీ’ అంటాం కదా, ఎందుకంటామో ఎప్పుడైనా ఆలోచించారా? 1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మద్రాసు గవర్నరు తరఫు ఏజెంటు చేతిలో పెట్టారు. ఏజెంటు పోయాడు, గవర్నరూ పోయాడు. పేరు మాత్రం అడవికి అంటుకుపోయింది.

ఇక ఇంట్లో ఏజెంటు ఎవరు? ఇంకెవరు, ఇల్లాలే!

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీకి చట్టం కంటికి విడిగా ఉనికి లేదు. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక్క మనిషి, ఆ ఒక్క మనిషీ మొగుడు. ఆవిడ సొంతంగా ఒప్పందం చేసుకోకూడదు. కానీ భర్త తరఫున ఏజెంటుగా మాత్రం నిక్షేపంగా చేయొచ్చు. తన పేరున గజం గుడ్డ అరువు తెచ్చుకోలేని మనిషి, భర్త పేరు చెప్పి ఇంటికి కావలసినవన్నీ అరువు తేవచ్చన్నమాట.

మరి భర్త ‘నేనివ్వను పొమ్మంటే’? 1880లో ప్రభువుల సభ దాకా వెళ్ళిన ఒక దావా ఇదే. మెలన్ అనే దంపతులు బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక హోటల్ నడిపించేవారు. ఆయన ఒక మేనేజరు, ఆవిడ ఇంకో మేనేజరు. బట్టలకని భార్యకి ఇంత అని డబ్బిచ్చి, ‘నా పేరున అరువు తేవద్దు’ అని కట్టడి చేశాడాయన. ఆవిడ డెబెన్‌హామ్ వారి కొట్లో బట్టలు అరువు తెచ్చుకుంది. కొట్టువాళ్ళు భర్త మీద దావా వేశారు. భార్య అన్నంత మాత్రాన భర్తకి ఏజెంటు అయిపోదనీ, ఆయన అధికారం ఇచ్చినట్టు ఎక్కడా కనబడనిచ్చింది లేదనీ ప్రభువులు కేసు కొట్టేశారు. న్యాయం సరిగ్గానే ఉంది కాబోలు. నాకు మాత్రం ఆ తీర్పు తలుచుకున్నప్పుడల్లా వేరే సందేహం వస్తుంది. ఆ హోటల్ నడిపించడంలో ఆవిడ చేసిన చాకిరీకి లెక్క ఏ అధ్యాయంలో ఉంటుందా అని! దావా అంతా బట్టల బాకీ చుట్టూ తిరిగింది. రోజంతా పనిచేసే ఆడమనిషి చట్టం పుస్తకంలోకి ఎక్కింది చీటీ బాకీదారుగానే.

రెండేళ్ళ తర్వాత, 1882లో, ఇంగ్లీషు భార్యకి తన ఆస్తి తన పేరున ఉంచుకునే హక్కొచ్చింది. మన దగ్గర స్త్రీధనం అనే మాట అంతకు ఎన్నో వందల ఏళ్ళనాటిది. 1872 చట్టం కూడా మేజరైనవాళ్ళూ, మతి స్థిమితంగా ఉన్నవాళ్ళూ ఒప్పందం చేసుకోవచ్చంది గాని, ‘పెళ్ళికాని వాళ్ళే’ అని ఎక్కడా అనలేదు. పుస్తకం ప్రకారం మనమే నయం. అయితే పుస్తకం ఒకచోట ఉంటుంది, బీరువా తాళం ఒకచోట ఉంటుంది. రెండోది ఎవరి మొలలో ఉందన్నదే అసలు ప్రశ్న.

రెండో అధ్యాయం భాగస్వామ్యం. మొదట ఇది కాంట్రాక్టు చట్టంలోనే ఒక మూల ఉండేది. 1932లో వేరు కాపురం పెట్టి, ఇండియన్ పార్ట్‌నర్‌షిప్ చట్టం అయింది. నలుగురు కలిసి వ్యాపారం పెట్టుకుని లాభాలు పంచుకుంటామని ఒప్పుకుంటే అది ఫర్మ్. ఇందులో ప్రతివాడూ మిగతావాళ్ళకి ఏజెంటే. ఫర్మ్ పని మీద ఒక భాగస్వామి చేసిన బాకీ అందరి బాకీ. అప్పులవాడు నలుగురినీ కలిపి పట్టుకోవచ్చు, లేదా ఎవరి దగ్గర సొమ్ముంటే వాళ్ళొక్కరినే పట్టుకోవచ్చు. పెట్టిన పెట్టుబడితో సరిపోదు. ఇల్లూ, పొలమూ, బ్యాంకులో డబ్బూ, ఒంటిమీద బంగారమూ అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇక్కడ మనకి సంబంధించిన మాట ఒకటుంది: స్లీపింగ్ పార్టనరు. నిద్రపోయే భాగస్వామి! పేరెవరు పెట్టారో గాని మహా సొగసుగా పెట్టారు. ఆదాయపు పన్ను లెక్కల కోసం, ప్రభుత్వోద్యోగంలో ఉన్న భర్త పేరు బయటికి రాకుండా ఉండటం కోసం, అన్నదమ్ముల వాటాల సర్దుబాటు కోసం ఎన్ని ఫర్ముల్లో ఇల్లాళ్ళ పేర్లు లేవు! వంటింట్లో పోపు వేస్తూ చెయ్యి కొంగుకి తుడుచుకుని ‘ఎక్కడ పెట్టాలండీ?’ అని అడిగి సంతకం పెట్టి, మళ్ళీ మూకుడు దగ్గరికి పరిగెడుతుంది. ఆవిడ నిద్రపోవచ్చు. ఆవిడ బాధ్యత నిద్రపోదు. మెలకువగా ఉన్న భాగస్వామికి ఎంత బాధ్యతో, నిద్రపోయిన భాగస్వామికీ బయటి అప్పులవాళ్ళ దగ్గర అంతే. విచిత్రం చూడండి: మైనరు పిల్లాడిని ఫర్మ్‌లో చేర్చుకుంటే లాభంలోనే వాటా ఇస్తారు, ఫర్మ్‌లో వాడి వాటా పోతే పోతుందేమో గాని వాడి సొంత ఆస్తి జోలికి ఎవరూ రాకూడదని చట్టం వాణ్ణి కాపాడుతుంది. ఏమీ తెలియని ఇల్లాలికి అలాంటి మినహాయింపు లేదు. ఆవిడ పెద్దమనిషి కదా, చదివే సంతకం పెట్టి ఉంటుందని చట్టం అనుకుంటుంది.

ఈ భయం లేకుండా వ్యాపారం చేయడానికి కనిపెట్టిన ఉపాయమే మూడో అధ్యాయం, కంపెనీ. ఈ అధ్యాయానికి తలమానికం లాంటి కథ ఒకటుంది. ఏ దేశంలో కంపెనీ చట్టం మొదలుపెట్టినా దీంతోనే మొదలుపెడతారు.

లండన్‌లో వైట్‌చాపెల్ వీధిలో ఆరన్ సాలమన్ అని ఒక బూట్ల వ్యాపారి ఉండేవాడు. కొడుకులు చేతికందివచ్చారు. మాకూ వాటా ఇమ్మని పోరుతున్నారు. 1892లో ఆయన తన వ్యాపారాన్ని కంపెనీ కింద మార్చాడు. అప్పటి చట్టం ప్రకారం కంపెనీకి ఏడుగురు కావాలి. ఏడుగురిని వెతుక్కోవడానికి ఆయన గుమ్మం దాటనక్కర్లేకపోయింది. తనూ, భార్యా, కూతురూ, నలుగురు కొడుకులూ – లెక్క సరిపోయింది! తన పేరున 20,001 షేర్లు. మిగతా ఆరుగురికీ తలో షేరు. వ్యాపారం అమ్మిన సొమ్ములో కొంత బాకీ ఉన్నట్టు కంపెనీ ఆయనకి 10,000 పౌండ్ల డిబెంచర్లు కూడా రాసిచ్చింది. అంటే తన కంపెనీకి తనే అప్పులవాడు, అదీ తాకట్టు ఉన్న అప్పు.

ఏడాది తిరిగేసరికి కంపెనీ దివాలా తీసింది. సరుకు అరువిచ్చిన వాళ్ళకి ఏడువేల పౌండ్ల పైచిలుకు బాకీ తేలింది. తాకట్టు బాకీ తీరితే వాళ్ళకి మిగిలేది సున్నా. ‘ఇదేం కంపెనీ అండీ, సాలమన్‌కి పెట్టిన ముసుగు’ అని లిక్విడేటరు కోర్టుకెక్కాడు. మొదటి కోర్టు కంపెనీని సాలమన్‌కి ఏజెంటు అంది. అప్పీలు కోర్టు, కుటుంబ సభ్యులు ఊరికే లెక్క పూర్తి చేయడానికి పెట్టిన బొమ్మలంది. అప్పటికి సాలమన్ చేతిలో చిల్లిగవ్వ లేదు. పేదవాడికిచ్చే మినహాయింపు మీద ప్రభువుల సభకి వెళ్ళాడు. వాళ్ళు కింది కోర్టులు రెండింటినీ కాదన్నారు. చట్టం ఏడుగురు ఉండాలంది, ఉన్నారు. వాళ్ళు చుట్టాలు కాకూడదని ఎక్కడా అనలేదు. రిజిస్టరయిన క్షణం నుంచీ కంపెనీ వేరే మనిషి, సాలమన్ వేరే మనిషి. దాని బాకీ దానిది, ఆయన బాకీ ఆయనది. 1897 నాటి సంపుటంలో అచ్చయిన ఈ తీర్పు మీదే ఇవాళ్టి కంపెనీలన్నీ నిలబడి ఉన్నాయి. ఈ మాట మన కలకత్తా హైకోర్టు ఒక టీ తోటల కంపెనీ కేసులో 1886లోనే అనేసింది. మనవాళ్ళ ముందుచూపు మనకి లోకువ కాబట్టి, పిల్లలు సాలమన్ పేరే బట్టీ పెడతారు.

నెత్తురూ మాంసమూ లేని, ఆకలీ నిద్రా ఎరగని, పుట్టుక కాగితం తప్ప అమ్మా నాన్నా లేని కంపెనీ అలా మనిషయింది. ఆస్తి కొనొచ్చు, దావా వేయొచ్చు, దావా వేయించుకోవచ్చు. అందుకు ఒక్క షేరు పట్టుకుని సంతకం పెట్టిన శ్రీమతి సాలమన్ ఏమనుకుందో ఏ తీర్పులోనూ లేదు.

ఇప్పుడా సంవత్సరాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి: 1892. సాలమన్ కంపెనీ పుట్టిన ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్‌లో ఒక భారతీయ యువతి లా పరీక్షకి కూచుంది.

ఆమె కార్నీలియా సొరాబ్జీ. 1866లో నాసిక్‌లో పుట్టింది. బొంబాయి విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి పట్టభద్రురాలు. పరీక్షలో అందరికన్నా పైన నిలిచింది. ఆ స్థానంలో నిలిచినవాళ్ళకి ఇంగ్లండు వెళ్ళి చదువుకోవడానికి ప్రభుత్వం వేతనం ఇవ్వాలి. ఆడపిల్ల కాబట్టి ఇవ్వలేదు. అక్కడి స్నేహితులు చందాలు వేసి చదివించారు. పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఆడపిల్లని మగపిల్లల మధ్య కూచోబెట్టి పరీక్ష రాయించడమా అని పెద్ద తర్జనభర్జన. ఆఖరి క్షణంలో విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే రాసింది. బి.సి.ఎల్. అనే ఆ కష్టమైన పరీక్షకి కూచున్న మొదటి స్త్రీ ఆమె. గట్టెక్కింది కూడా. కానీ డిగ్రీ ఇవ్వలేదు. ఆక్స్‌ఫర్డ్ 1920 దాకా ఆడవాళ్ళకి డిగ్రీలే ఇవ్వలేదు మరి. కార్నీలియా చేతికి ఆ కాగితం వచ్చింది 1922లో. కంపెనీకి రిజిస్ట్రారు సర్టిఫికెట్ ఇవ్వగానే ప్రాణం వచ్చింది. ఈ మనిషికి ముప్ఫై ఏళ్ళు పట్టింది!

డిగ్రీ లేకపోయినా చదువు ఉంది కదా, కోర్టులో వాదించనిస్తారా? అదీ లేదు. అప్పుడే మొదలైంది ‘పర్సన్’ అనే మాట మీద పెద్ద రభస. 1913లో గ్వినెత్ బెబ్ అనే అమ్మాయి లండన్‌లో దావా వేసింది. ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివి మొదటి తరగతి మార్కులు తెచ్చుకుంది. సొలిసిటర్ల చట్టంలో ‘పర్సన్’ అని ఉంది, నేను పర్సన్‌ని కానా అని అడిగింది. కావమ్మా, ఇంతవరకూ ఏ స్త్రీ సొలిసిటరు కాలేదు కాబట్టి చట్టం ఉద్దేశం అది కాదు అన్నారు జడ్జీలు. ఇంతవరకూ కాలేదు కనక ఇకమీదటా కాకూడదు! అత్తగారి కాలం నాటి న్యాయం.

1916లో కలకత్తాలో రెజీనా గుహ వంతు వచ్చింది. ఎమ్మే, బి.ఎల్. చదివి, అలీపూర్ కోర్టులో ప్లీడరుగా చేరతానని దరఖాస్తు పెట్టింది. అయిదుగురు జడ్జీలు కూచుని, లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలో ‘పర్సన్’ అంటే స్త్రీ కాదని తేల్చారు. ఇందులో వినోదం ఏమిటంటే, చట్టాల్లోని మాటలకి అర్థం చెప్పే చట్టం మన దేశంలో 1868 నుంచీ ఉంది. పుంలింగంలో రాసిన మాట స్త్రీలకీ వర్తిస్తుందని అందులో ఉంది. ‘పర్సన్’ అనే మాటలో కంపెనీలూ సంఘాలూ కూడా చేరతాయని ఉంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని, కంపెనీ మనిషేనని ఒప్పుకున్న న్యాయశాస్త్రం రెజీనా గుహని మనిషి కాదంది. 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాల హజ్రాకీ ఇదే జవాబు చెప్పింది. కంపెనీ చట్టం పుస్తకం చంకన పెట్టుకుని కోర్టు మెట్ల మీద నిలబడిన ఆ పిల్లలని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అయితే అదే 1921లో అలహాబాదు హైకోర్టు కార్నీలియాని వకీలుగా చేర్చుకుంది. 1923లో స్త్రీలనే కారణంతో ఎవరినీ ఈ వృత్తి నుంచి ఆపకూడదని చట్టం వచ్చింది. ఇంగ్లండులో 1919లోనే దారి తెరుచుకుంది. పాపం, గ్వినెత్ బెబ్ మాత్రం వృత్తిలోకి రాకుండానే, పురిటి అనారోగ్యంతో 1921లో పోయింది. 1929లో కెనడా నుంచి వచ్చిన అప్పీలులో ప్రీవీ కౌన్సిల్ ‘పర్సన్’ అనే మాటలో స్త్రీలూ ఉన్నారని తీర్పు చెప్పింది. సాలమన్ కంపెనీ మనిషయ్యాక ముప్ఫై ఏళ్ళు దాటిన తర్వాత!

కోర్టు తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ కార్నీలియా ఊరికే కూచోలేదు. 1904 నుంచి బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో, ఘోషాలో ఉండే జమీందారీ స్త్రీలకి సలహాదారుగా పనిచేసింది. పల్లకీల్లో, పడవల్లో ఊరూరా తిరిగింది. ఆమె చూసిన ఆడవాళ్ళలో ఎందరికో లక్షల ఎస్టేటు ఉంది, కానీ పరాయి మగవాడితో మాట్లాడకూడదు. కాబట్టి తెర అవతల నుంచి కాగితం వస్తుంది, తెర ఇవతల నుంచి వేలిముద్ర పడుతుంది. ముఖ్తారునామా పుచ్చుకున్నవాడే ఎస్టేటు. ఏజెన్సీ అధ్యాయం మొత్తం ఆ తెర దగ్గరే ఉంది చూడండి. ఇక్కడ మాత్రం కోర్టులకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఘోషా స్త్రీ రాసిచ్చిన కాగితంతో లాభపడేవాడే, ఆవిడకి దాని సంగతి నిజంగా అర్థమైందని రుజువు చేసుకోవాలని కోర్టులు నియమం పెట్టాయి. చదివి వినిపించామంటే చాలదు, అర్థమైందా లేదా అన్నదే లెక్క.

ఆ తెరలు పోయాయి. గుంటూరు జిల్లాలో పుట్టిన అమరేశ్వరి గారు 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఇవాళ లా కాలేజీల్లో ఏ క్లాసులో చూసినా ఆడపిల్లలు నిండుగా కనిపిస్తున్నారు. 2013 కంపెనీల చట్టం, లిస్టయిన కంపెనీల్లోనూ మరికొన్ని పెద్ద కంపెనీల్లోనూ కనీసం ఒక్క మహిళా డైరెక్టరైనా ఉండాలంది. అప్పుడు కొన్ని కంపెనీలు హడావుడిగా యజమాని ఇంట్లో వాళ్ళనే ఆ కుర్చీలో కూచోబెట్టాయని పత్రికలు రాశాయి. సాలమన్ గారి లెక్కే! ఏడుగురు అక్కర్లేకుండా ఒక్కరే కంపెనీ పెట్టుకునే వీలు కూడా ఆ చట్టం ఇచ్చింది. కాకపోతే ఆ ఒక్కరూ తన తర్వాత ఎవరన్నది ఒక పేరు రాసివ్వాలి. పేరు రాయించుకున్నవాళ్ళ లిఖితపూర్వకమైన అంగీకారం కూడా కావాలి. ఇల్లాలు పోపు దగ్గర నుంచి వచ్చి పెట్టే సంతకం ఇంకొకటి పెరిగిందన్నమాట.

ఘోషా స్త్రీకి కోర్టు ఇచ్చిన ఆ రక్ష చదువుకున్న మనకి అంత తేలిగ్గా దొరకదు. డిగ్రీ ఉంది, కళ్ళజోడు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, ‘నాకు తెలియదండీ, ఆయన పెట్టమంటే పెట్టాను’ అంటే ఏ జడ్జి నమ్ముతాడు? మనల్ని ‘పర్సన్’ అనిపించడానికి ఆ ఆడపిల్లలు కోర్టు మెట్లెక్కి కాదనిపించుకున్నారు. వాళ్ళు తెచ్చిపెట్టిన ఆ ఒక్క మాటలో హక్కు ఎంత ఉందో బాధ్యతా అంతే ఉంది. కాబట్టి ఈసారి కాగితం చేతికొస్తే, స్టవ్ ఆర్పేసి, కూచుని, పై నుంచి కింది దాకా చదవండి. అర్థం కాని చోట అడగండి. ‘ఇంట్లో మనిషి మీద నమ్మకం లేదా?’ అని ఎవరైనా నిష్ఠూరమాడితే, నమ్మకం లేక కాదండీ, నేనూ మనిషినే కదా అని నవ్వుతూ చెప్పండి.